యూరియా అడిగిన బండి

రాయొద్దు తల్లీ, రాయొద్దు. ఆ వెలిగే పలక మీది నుంచి వేలు తియ్యి ముందు. లక్ష్మప్ప సెప్పినాడని రాసేస్తావా? వాడు సెప్తాడు. ఇరవై ఏండ్లాయ ఆ పత్తి మిల్లులో డ్రైవరు పని, ఈ పొద్దుటికీ ఒక్క అబద్ధం సక్కగా ఆడనీకి రాలా వానికి. నిన్న సావుకారి ముందర "నేనే పోసినా" అనేటప్పుడు వాని మొగం సూడాల్సింది నువ్వు.

కూసో. ఆగాగు, స్టూలు మీద గ్రీజుంటాది, ఈ గుడ్డ పరుసుకో. అమీనా! మేడంకి టీ... వద్దా? నీళ్ళన్నా తాగు. కర్నూలు నుంచి ఆదోనికి ఈ ఎండలో వచ్చినావు. నందిని గదా నీ పేరు? కంపెనీ ఇంజనీరు వస్తాడంటే ఎవురో మీసాలోడు దిగుతాడనుకుంటి.

నేను మక్బూల్. ఈ షెడ్డు నాది. నలభై ఏండ్ల నుంచి జీపులే. కోడుమూరు, గోనెగండ్ల, సి.బెళగల్, యాడ జీపు ఆగినా ఈడికే ఈడ్చుకొచ్చినారు. మీ కంపెనీ బండిని గూడా ఈడికే తెచ్చినారు సూడు, ట్రాక్టరు ఎనక కట్టి.

ఏమంటివి? యూరియా ఎవురు పోసినారో అదొక్కటి సెప్తే సాలంటావా? నీకు సాలు. రాసుకొని కర్నూలు బస్సెక్కుతావు. వాని సంగతేంది? వెంకటసాయి, అదే ఈ బండి ఓనరు, మిల్లు సావుకారి, ఏమన్నాడో తెల్సా? "కంపెనీ రిపోర్టులో డ్రైవరు తప్పని వస్తే ఆ పొద్దే తాళాలిచ్చి పోవాల" అన్నాడు. లక్ష్మప్పకి యాభై నాలుగేండ్లు. ఈ వయసులో వానికి ఎవురిస్తారమ్మా స్టీరింగు? మూట మోయనీకి నడుం గూడా లే.

సెప్తా, సెప్తా. సెప్పనీకే గదా కూసోబెట్టింది. అయితే వరసలో సెప్పాల. నట్లు ఇప్పకుండా చక్రం ఊడదీయమంటే ఎట్ల?

వెంకటసాయి వాళ్ళ నాయన, పెద్ద సావుకారి, ఆయప్పకి జీపుండె. దానికి రోగాలు మూడే. డీజిల్ రాదు, కరెంటు రాదు, బ్రేకు రాదు. మూడూ నేను చెవితోనే కనిపెడ్తి. బెళగల్ కాడ నల్లరేగడిలో దిగబడిందనుకో, లక్ష్మప్ప దిగి ముందర చక్రాల గుబ్బలు సేత్తో తిప్పేటోడు, మళ్ళీ ఎక్కి గేరు పక్కనుండే చిన్న కర్ర ఎనక్కి లాగేటోడు, నాలుగు చక్రాలకీ బలమొచ్చి బండి మూలుక్కుంటా బయటికొచ్చేది. రాకపోతే తిట్టేటోడు. అప్పుడొచ్చేది.

ఇప్పుడు ఈ కొత్త బండిలో చిన్న కర్ర యాడుంది? గుండ్రం బటను. దాని మీద బొమ్మలు. బురద బొమ్మ ఒకటి, ఇసుక బొమ్మ ఒకటి. మూడోది ఏందని లక్ష్మప్ప నన్నడిగె. నేను మా మనవరాలు ఇరమ్‌ని అడిగితి. మంచు అంట! ఆదోనిలో మంచు యాడుందమ్మా? సోడా బండి కాడ ఐసుగడ్డ ఉంది. అది గూడా రంపంపొట్టులో.

నవ్వుతాండావు. నవ్వు. నేను నవ్వల్యా ఆ పొద్దు.

బండి వచ్చిన రెండో నెలలోనే ఎలుక ఒక వైరు కొరికింది. ఒక్క వైరు, ఎనక చక్రం కాడ, ఊలుదారం అంత. దానికి నాలుగు చక్రాల బలం పూరాగా బందు. తెర మీద ఎర్ర దీపాలు, ఉరుసు మాదిరి. చక్రం బాగుంది, గేరు బాగుంది, ఇంజను బంగారం. అయినా పోదు. ఎందుకు పోదు? వైరు సెప్పల్యాంట, చక్రం తిరుగుతాండాదని. తిరిగే చక్రానికి సాక్ష్యం కావాల్నా? వైరు అతికిస్తి నేను. అయినా దీపాలు ఆరలా. మీ షోరూమోడు ల్యాప్‌టాప్ పెట్టి మాఫీ సేస్తే గానీ ఆరవంట. మూడు దినాలు మిల్లుకాడ నిలబడె బండి, ల్యాప్‌టాప్ కోసరం.

మీ కంపెనీని తిట్టట్లేదు తల్లీ. అన్ని కంపెనీలూ ఇట్లనే సేస్తాండాయంట. నువ్వు సదువుకున్నదానివి, నీకు ఇవన్నీ సక్కగా కనపడ్తాయి. నాకు బానెట్ తీస్తే నల్ల పలకొకటి కనపడ్తాది. దాన్ని ఊడదీస్తే దాని కింద ఇంకొకటి.

యూరియా కాడికి వస్తాండా.

పదిహేను దినాల కిందట లక్ష్మప్ప బండి తెచ్చి ఈడ నిలిపె. "అన్నా, తెర మీద ఏందో వచ్చింది, టింగు టింగుమంటాండాది" అనె. సూస్తి. ఇంగ్లీషు. నాకు అంకెలు తెలుస్తాయి. మూడు వందలని ఉండె. మర్నాడు రెండు వందల నలభై. ఇరమ్ కూడబలుక్కొని సదివె, అన్ని కిలోమీటర్లు పోయినంక ఆపితే మళ్ళీ స్టార్టు కానని అది ముందే సెప్తాండాది! డీజిల్ నిండా ఉండాది. ఇంకెన్ని అడుగులకి సచ్చేది లెక్కపెట్టి సెప్పే బండిని నా జన్మలో సూడల్యా. మనిషికే తెల్దు గదమ్మా ఆ సంగతి.

సావుకారి బెంగుళూరు పోయిండె. మీ షోరూముకి ఫోన్ సేస్తే వారం తర్వాత రమ్మనిరి. ఆ వారంలో సావుకారి తల్లి గోవిందమ్మ బెళగల్ సేను సూడనీకి పోవాలని కూసునింది. లక్ష్మప్ప యామి సేస్తాడు? నా కాడికి వచ్చినాడు. అందరూ వచ్చినట్లే వచ్చినాడు.

డీజిల్ మూత పక్కన నీలం మూత ఉండె. అదేందో నాకు తెల్దు. బైపాస్ కాడ ఒక లారీ క్లీనర్‌ని, ఊరికే మాటల్లో అడిగినట్లు అడిగితి. "యూరియా అయిపోయింటాది, పోయించు" అనె. వాళ్ళు దాన్ని యూరియా అనే అంటారు గదా? నీకు తెల్సు. ఏ యూరియా రా, యాడ దొరుకుతాది అని ఇంకొక్క మాట అడిగింటే సరిపోయేది. బండి పొగని కడిగే మందునీళ్ళంట అవి, బంకులోనే డబ్బాలు అమ్ముతారంట. అడగల్యా. నలభై ఏండ్ల మెకానిక్కు, మీసం మొలవని క్లీనర్ కాడ అడుక్కుంటాడా అని అడగల్యా.

మా పక్క యూరియా అంటే ఒకటే యూరియా తల్లీ. మూటలో వచ్చేది. పాసుబుక్కు పట్టుకొని, లైన్లో చెప్పులు పెట్టి, తెల్లారిందాకా కాసుకుంటే దొరికేది. గోనెగండ్ల తిమ్మయ్య సేనుకని అట్ల తెచ్చుకున్న మూటలో నుంచి సగం బకెట్టు తెప్పిస్తి. "జీపుకి యూరియా ఏందన్నా, మొలుస్తాదా?" అనె వాడు. వానికున్న తెలివి నాకు లేకపాయ.

అవును తల్లీ. నేనే.

ఈ చేతుల్తోనే. బోరు నీళ్ళలో కలిపితి. మా ఇంటామె అమీనా తెల్ల ఓణీ తీసుకొని రెండుసార్లు వడగడితి. దానికి అదొక కోపం, ఇంకా తీరలా. లక్ష్మప్ప గరాటు గూడా పట్టుకోలా. బండి తుడుస్తా "అన్నా, వాసన వస్తాండాదే, ఇదేనా?" అనె. అప్పుడన్నా నిలపొచ్చు. నువ్వు మూత తీస్తానే పట్టినావు సూడు వేప వాసన, వాడు గూడా పట్టినాడు. యూరియాకంతా వేపనూనె పూస్తారని పసిపిల్లలకి తెల్సు. నేనేమంటినో తెల్సా? "కంపెనీ వాసన అట్లనే ఉంటాది లే" అంటి.

తెర మీద ఆ అంకెలు పోయె. లక్ష్మప్ప నా రెండు చేతులు పట్టుకున్నాడు. నాకు యామనిపించింది? ల్యాప్‌టాప్ లేకుండా సేసినా అనిపించింది. ఆ సాయంత్రం టీ కొట్టుకాడ పది మందికి సెప్పుకుంటి. అడిగినోనికీ, అడగనోనికీ.

నాలుగో దినానికి మళ్ళీ మొదలాయ. ఇంకొక మాట వచ్చిందంట తెర మీద. ఇరమ్ సదివి సెప్పింది తర్వాత, యూరియా నాణ్యత బాగలేదంట. రుచి సూసి సెప్తాదా మీ బండి? లక్ష్మప్ప దాన్ని సూసి నాకు ఫోన్ సేసె. నేను "పో పో, ఏం గాదు" అంటి. పోయినాడు. బెళగల్ అవతల, వాన పడిన రేగడి దారి. గోవిందమ్మ పత్తి కాయ సూస్తానని దిగింది, వాడు బండి ఆపినాడు. అంతే. మళ్ళీ లేవలా. డెబ్బై ఏండ్ల మనిషి, మోకాళ్ళ నొప్పులు, మూడు గంటలు గట్టు మీద కూసోని, ట్రాక్టరు మీద ఇంటికి వచ్చింది. ఆయమ్మకి ఏమైనా అయ్యింటే?

నిన్న సావుకారి ఈ షెడ్డుకే వచ్చినాడు. నువ్వు కూసున్న కాడనే నిలబడినాడు. "ఎవురు పోసింది?" అనె. నేను నోరు తెరిసేలోపల లక్ష్మప్ప "నేనే సామీ, నాకు తెల్వక" అనేసె.

కాదు. అబద్ధం. తెరిసేలోపల గాదు. నాకు బోలెడంత టైముండె. వాడు నా దిక్కు సూసినాడు, నేను కింద సూసినా. స్పానరు తుడుస్తాంటి. తుడిసిందే తుడిసినా. సావుకారి ఎల్లిపోయినంక గూడా తుడుస్తానే ఉంటి.

తర్వాత వాడే వచ్చి, "అన్నా, ఎరువు పోసి బండిని సంపినాడని తెలిస్తే నీ షెడ్డుకి ఎవురొస్తారు? నాది ఒక్క నౌకరే గదా" అనె. ఒక్క నౌకరంట. వాని ఇంట్లో తినే నోర్లు ఐదు.

పొద్దున నమాజు సేసుకొని నేరుగా మిల్లుకి పోతి. వెంకటసాయి కాడ నిలబడి సెప్తి. బాబూ, పోసింది నేను, వాడు గాదు అని. ఏం సేసినాడు? నవ్వినాడమ్మా. "మక్బూల్ భాయ్, నువ్వు ఇట్లాంటి తప్పు సేస్తావా? మా నాయన నీ చేతి పని తప్ప ఇంకొకరిది ఒప్పుకోలేదు. దోస్తును కాపాడుకోవాలని వచ్చినావు, నాకు తెల్దా?" అని టీ తెప్పిచ్చినాడు. నేను కురాన్ మీద ఒట్టు పెడ్తానంటే, వద్దొద్దు, పెద్దమనిషివి, కంపెనీ రిపోర్టు ఏం సెప్తే అదే అన్నాడు. ఆ టీ తాగి వచ్చినా నేను. తాగకుండా రాలేకపోతి.

అందుకే నువ్వు రాయాల. నా మాట ఆయన నమ్మడు, నీ పలక మాట నమ్ముతాడు. రాయి. మక్బూల్, ఆదోని, మెకానిక్కు, నలభై ఏండ్లు. తెలీకుండానే తెల్సినట్లు పోసినాడు. సంతకం పెట్టమన్నా పెడ్తా.

ఏంది? ఎవురు పోసిందన్న కాడ మెకానిక్కు అని లేదా? ఇట్ల తిప్పు, సూపియ్యి. సదువు నువ్వే.

ఓనరు. ఊఁ. డ్రైవరు. ఊఁ. కంపెనీ షోరూము... మూడేనా? కింద ఇంకొకటి ఉండాది గదా, అదేంది?

"గుర్తింపు లేని వ్యక్తి."

అట్లా. అంటే నేనా?

అది నొక్కితే పేరు రాయనీకి చోటు వస్తాదా? రాదా. ఊరు? ఊరు గూడా రాదు. ఏం పని సేస్తాడో, ఎన్నేండ్ల నుంచి సేస్తాండాడో... అడగదా. ఏమీ అడగదు.

పేపర్లో రైలుపట్టాల మీద పడినోళ్ళకి రాస్తారు సూడు, అట్ల ఉంది.

లేదు లేదు, నువ్వు బాధపడొద్దు తల్లీ. నువ్వు తయారు సేసిందా ఏంది. అది నొక్కితే లక్ష్మప్ప మీదికి రాదు గదా? గట్టిగా సెప్పు. రాదు గదా?

అయితే నొక్కు.

పడిందా? పచ్చగా వచ్చె. అంతేనా? పోయిందా కంపెనీకి?

లక్ష్మప్పా! ఓ లక్ష్మప్పా! టీ కొట్టు కాడ నుంచి లెయ్యి. పో, తాళాలు తీసుకొని మిల్లుకి పో. నువ్వు గాదంట. ఎవురో గుర్తింపు లేనోడు పోసినాడంట.