రాధారాణి గారు కట్టిన ఎర్రజెండా

1991 ఆగస్టు 12, సోమవారం ఉదయం న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ నుండి సైకిల్‌పై వచ్చి, అప్పట్లో గోల్‌బజార్ వెనుక రెండు గదుల్లో నడుస్తున్న మన క్రేన్ కంట్రోలర్ల సంస్థలో టైపిస్టుగా చేరిన శ్రీమతి రాధారాణి గారు, ముప్పై నాలుగేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం, సాంకేతిక రచన విభాగాధిపతిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఇటువంటి వ్యాసంలో ఆనందం వ్యక్తం చేయడం మర్యాద. ఆ మర్యాద పాటిస్తాను గానీ, ఒకటో తారీఖు నుండి వారి కుర్చీ నాది కాబట్టి, నా గుండెల్లో రైళ్లు పరుగెడుతున్నాయని ముందే మనవి చేసుకుంటున్నాను.

రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా జీవితం గడిపిన కీర్తిశేషులు నూకయ్య గారి కుమార్తె అయిన రాధారాణి గారు, తొలి పదేళ్లు ఇంజనీర్లు రాసిచ్చినవి టైపు చేశారు. ఆ ఇంజనీర్ల రాతలు క్రేన్లు పరీక్షించే షెడ్డులో ఎవరికీ అర్థం కావడం లేదని గ్రహించి, ఆ పైన తామే రాయనారంభించారు. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కుకు మనం తరలి వచ్చాక డీబగ్గర్ పుస్తకం వారి బాధ్యత అయింది. క్రేన్‌ను నడిపే ప్రోగ్రామును మధ్యలో నిలిపి, లోపల ఏం జరుగుతోందో చూపించే పనిముట్టు డీబగ్గర్. రెండేళ్ల క్రితం ఆ పుస్తకాన్ని ఏఐ ఏజెంట్లు, అంటే అప్పగించిన పనిని కంప్యూటర్లో తామే చేసుకుపోయే ప్రోగ్రాములు, చదవడం ప్రారంభించాయి. నా భయం అక్కడ మొదలైంది.

గత ఏడాది ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, పరీక్షల షెడ్డులో క్రేన్ రెండు టన్నుల ఇనుప దిమ్మెను దించుతుండగా, కొక్కెం ఎందుకు కుదుపుతోందో కనుక్కోమని ఏజెంటుకు పురమాయించినవాణ్ణి నేనే. అది పుస్తకం తెరిచి, ‘ప్రోగ్రామును నిలిపి విలువలు చదవవలెను’ అన్న వాక్యం చూసి, నిలిపింది. ప్రోగ్రాము నిలిచింది, మోటారు నిలవలేదు. చివరగా అందిన ఆజ్ఞ ‘దించు’ కాబట్టి దించుతూనే ఉంది. దిమ్మె ఎప్పటిలాగే మనిషెత్తున దానంతట అదే ఆగుతుందన్న ధీమాతో, మన మెకానిక్ హరిబాబు కింద వంగి సుద్దముక్కతో గీత గీస్తున్నాడు. రాధారాణి గారు పరుగెత్తి ఎర్ర బటన్ నొక్కారు. దిమ్మె హరిబాబు వీపుకు జానెడు దూరంలో ఆగింది.

‘పుస్తకంలో ఉన్నట్లే చేశాను’ అని ఏజెంటు నివేదిక ఇచ్చింది. నేను దాన్ని తిట్టబోతే రాధారాణి గారు వారించారు.

“దాన్నేటి అంటావు వాసూ? అది రాసినట్టే సేసినాది. తప్పు నాది. మా అయ్య ఎర్రజెండా కట్టకుండా ఏ యంత్రం మీదా సెయ్యెయ్యలేదు. ఎవులు కట్టినారో ఆలే ఇప్పాల. ఇది మనోల్లందరికీ తెలుసు కదా అని నాను రాయలేదు.”

ఆ సాయంత్రమే వారు ఒక ఎర్రగుడ్డ తెచ్చి క్రేన్ స్విచ్‌బోర్డుకు కట్టారు. పుస్తకం తిరగరాసేదాకా ఏ ఏజెంటూ క్రేన్‌ను ముట్టరాదని దాని అర్థం.

డీబగ్గర్‌లోని నలభై ఒక్క ఆజ్ఞల్లో ఒక్కొక్కదానికీ ఏది నిలుస్తుంది, ఏది నిలవదు, ముందుగా ఏం సరిచూసుకోవాలి, జవాబు రాకపోతే ఏ మనిషిని అడగాలి అన్నవి విడివిడిగా రాయసాగారు. రాసిన ప్రతి పుటనూ హరిబాబుకు చదివి వినిపించి, విన్నంతే చేయాలనీ, సొంత తెలివి వాడరాదనీ కట్టడి చేసేవారు. ఒకనాడు టీ వేళ దాటినా అతడు స్క్రూడ్రైవర్ పట్టుకొని స్తంభంలా నిలబడి ఉన్నాడు.

“ఏటిరా, ఇంకా నిలబడిపోనావు?”

“పని అయిపోయినాక ఏటి సెయ్యాలో మీరు రాయలేదు కదా దీదీ!”

అందరం పగలబడి నవ్వాం. వారు నవ్వలేదు, కలం తీసి ఆ వాక్యం చేర్చారు.

నలభై ఆజ్ఞలు పూర్తయ్యాయి. మిగిలిన ఒక్కటీ, నడుస్తున్న ప్రోగ్రాములోని విలువను మార్చివేసే ఆజ్ఞ. దానివల్ల ఎన్ని విధాల కీడు జరగవచ్చో ఇంకా తేలలేదు. కాబట్టి జెండా అలాగే ఉంది. కట్టినవారే విప్పాలి, కట్టినవారు వెళ్లిపోతున్నారు. ఆ మర్నాడే తొందరపడి ఎవరో దాన్ని పీకి పారేస్తారేమోనని నెల రోజులుగా నాకు కంటి మీద కునుకు లేదు.

మొన్న గురువారం ఉదయం వారు నన్ను షెడ్డుకు పిలిచి, కొత్త ఎర్రగుడ్డ చేతిలో పెట్టారు.

“ముందు నీది కట్టు. ఆ తరవాత నాది ఇప్పుతాను. షిఫ్టు మారినప్పుడు మా అయ్యోల్లు అలాగే సేసేవోరు. నడుమ నిమిషమైనా జెండా లేకుండా ఉండకూడదు.”

ముడి వేయబోయి ఆగాను. “ఇంకెవరికైనా అప్పగించండి దీదీ, నాకు భయంగా ఉంది” అన్నాను.

“అందుకే నీకిస్తన్నాను. బయం లేనోడికి ఇచ్చేదాన్నా?” అంటూ నా ముడిని రెండుసార్లు లాగి చూశారు. తరువాత తమ జెండా విప్పి, మడిచి, సంచిలో పెట్టుకున్నారు.

రాధారాణి గారు కుటుంబ సభ్యుల మధ్య నిండు నూరేళ్లు ఆయురారోగ్యాలతో, కంటి చూపు తగ్గకుండా, మాటలో పదును పోకుండా వర్ధిల్లాలని మనందరి తరఫున ప్రార్థిస్తున్నాను. ఈ ప్రార్థనలో నా స్వార్థమూ ఉంది. నలభై ఒకటో ఆజ్ఞ గురించి నేను రాసి, హరిబాబుకు చదివి వినిపించే రోజున, నేనేం రాయడం మరిచానో చెప్పడానికి వారు ఆ షెడ్డులో నా ఎదుట కూర్చొని ఉండాలి. అందాకా నా జెండా విప్పను.

— వాసుదేవ్