కావా మీద నింద

పోర్ట్ విలా అనే దీవి పట్నంలో, మత్తునిచ్చే వేరు రసం కావా అమ్మే పాక నడిపే ఆవిడ ఆసుపత్రి నుంచి వచ్చీ రాగానే బెంచీ మీది నెత్తురు మరకలు ఒంటిచేత్తో కడుగుతోంది. తమ్ముడు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అక్కా, నీ కొడుకు కావా తాగి మతి తప్పి నరికాడని నువ్వు చెబితే శిక్ష తగ్గుతుందని లాయరు అంటున్నాడు."

"కల్తాంగ్ ఆవేళ కావా ముట్టనే లేదురా. బయట రమ్ము తాగొచ్చి కేకలేశాడు. 'మెల్లగా మాట్లాడు బాబూ' అన్నాడు బెంచీ మీద కూర్చుని కావా తాగుతున్న యోలు. అంతే, కొబ్బరికాయలు కొట్టే కత్తి తీసి యోలు మెడ మీద వేటు వేశాడు. రెండో వేటుకి అడ్డం పోతే నా వేళ్లు తెగాయి."

"అదంతా కోర్టుకెందుకే?"

"ఎందుకా? కావా పాకలు మూయించాలని కౌన్సిల్లో సగం మంది సాకు కోసం కాచుక్కూర్చున్నారు. ఆ సాకు నా నోటితో అందించనా?"

"వేరు రసం కోసం కన్నకొడుకుని జైల్లో తోస్తావా?"

"యోలు అప్పటికి మూడు కొబ్బరిచిప్పల కావా తాగాడురా. కత్తి మీదికొస్తుంటే చెయ్యి అడ్డం పెట్టుకోవాలని కూడా తోచలేదు. అలాగే కూర్చుని చచ్చిపోయాడు. అంత నెమ్మదిగా ఉంచే కావాని పట్టుకుని, హంతకురాలని చెప్పమంటావా?"

తమ్ముడు గుమ్మం దిగబోయి ఆగాడు.

"కోర్టులో వాడు నీ మొహమే చూస్తాడక్కా."

"చూడనీ. నేనూ వాడి మొహం చూస్తూనే చెబుతాను."