హమీద్ సాబ్ స్లాబు మీద దుర్బీన్

“నాయినమ్మా, కొత్త దుర్బీన్ కొన్న గని ఒక్క చుక్క సుత కనవడ్తలేదు. నువ్వెట్ల నేర్సుకున్నవ్?”

నేనా? కూసో చెప్త. ముందుగాల కన్ను పెట్టే కాడున్న గా చిన్న అద్దం తీసి పక్కకు పెట్టు. పెద్దగ కనవడాలె అని అందరు గదే పెడ్తరు, ఏం కనవడది. డబ్బాల ఇరవయ్యైదు అని రాసున్న అద్దం ఇంకోటి ఉంటది సూడు, గది పెట్టు. నేను సుత మస్తు రోజులు గిదే తప్పు చేసిన.

నాకు గీ పిచ్చి ఎట్ల పట్టిందంటె, కండ్ల ఆపరేషన్‌తోని. మోతిబిందు, గదే కంట్ల శుక్లం, ముదిరి ఒక్క చంద్రుడు నాకు నలుగురు లెక్క కనవడేటోడు. దవాఖానల ఆపరేషన్ చేసి పట్టి ఇప్పిండ్రు. పొద్దుమూకినంక బయటికొచ్చి సూస్తె ఒక్కడే ఉన్నడు, అంచు కత్తెరతోని కోసినట్టు. మిగిలిన ముగ్గురు ఏడికి పోయిండ్రని మీ తాతను అడిగిన. ఆయన నవ్వలే. ఆయనెప్పుడు నవ్విండు గని, పెండ్లి ఫోటోల సుత… సరే, గా ముచ్చట ఇప్పుడెందుకు.

ఇంక దగ్గరికెంచి సూడాలె అనిపిచ్చి ఆన్‌లైన్ల దుర్బీన్ తెప్పిచ్చిన. డబ్బ వచ్చిన్నాడు మీ తాత ఇంట్లనే ఉన్నడు. ఏందిది అన్నడు. కుట్టుమిషన్ స్టాండు అని చెప్పిన. అప్పుడు నేను జాకెట్లు కుడ్తుంటి గద, నమ్మిండు. మూడు కాళ్లు ఇప్పి నిలవెడితె, మరి మిషన్ ఏదే అన్నడు. వస్తది తియ్యి అన్న.

అప్పుడు మేము హమీద్ సాబ్ ఇంట్ల కిరాయికి ఉంటుంటిమి. ఆయనది గడియారాల దుకాణం. పైన వాళ్లు, కింద మేము. స్లాబు మీద పెట్టుకుంట అంటె పెట్టుకో అన్నడు, మంచోడే. దుర్బీన్‌ల పెద్ద పైపు మీద గురికి చిన్న పైపు ఉంటది గద బిడ్డా, పగటి ఎలుతురు ఉన్నప్పుడే దూరమున్నదాన్ని ఒకదాన్ని పట్టుకోని, రెండిట్ల అదే కనవడేటట్టు స్క్రూలు తిప్పుకోవాలె. నేను మన చర్చి శిఖరానికి పెట్టిన. సూస్తె చర్చి తలకిందులున్నది. కరాబు మాల్ పంపిండ్రు అనుకున్న. మీ తాతను పిలిస్తె, ఆయన వంగి, తలకాయనే తిప్పి సూసి, ఇప్పుడు సక్కగున్నది అన్నడు. గా పైపులల్ల అట్లనే కనవడ్తదట, నాకు తర్వాత తెలిసింది.

గా చర్చికి, మాకు నడుమ పక్కింటోళ్ల స్లాబు ఉండె. ఇగ ఆళ్లు పోయి, మీ కిరాయామె పైపు పెట్టి మా ఇంట్లకు సూస్తుందని హమీద్ సాబ్‌కు చెప్పిండ్రు. నిజం చెప్పాల్నంటె ఆళ్లు ఎండవోసిన వడియాలు కనవడ్డయి, అవి సుత తలకిందులు. నేనేం చెయ్యాలె? హమీద్ సాబ్ నన్ను పిలిచి మెల్లగనే చెప్పిండు.

“రంజాన్ పండుగ దాంక సూస్త సుశీలమ్మా. పైపన్న తియ్యుండ్రి, లేకుంటె వేరే ఇల్లన్న సూసుకోండ్రి.”

ఒక్కపారి మీరే సూడుండ్రి సాబ్ అంటె, సూడ అన్నడు. నాకు మస్తు పరేషాన్ అయింది. మీ నాయిన పెరిగిందంత ఆ ఇంట్లనే. అట్లని పైపు దియ్యబుద్ధి సుత కాలే.

ఆయన సూడలే గని, ఆయన భార్య ఖైరున్ ఆపా సూసింది. సగం చంద్రుడున్న నాడు, సాయంత్రం. పున్నం నాడు సూడొద్దు బిడ్డా, సప్పగుంటది. సగమున్నప్పుడైతె నీడలువడి గుంతలన్ని కనవడ్తయి. ఆపా కన్ను పెట్టి చానాసేపు తియ్యలే. మాడిన రొట్టె లెక్కున్నదే అన్నది. ఇగ ఆ దినం నుంచి సాబ్ దుకాణం కెంచి రాకముందే బట్టలు ఆరేస్త అనుకుంట పైకొచ్చుడు. ఎండిన బట్టలే మళ్ల తెచ్చి ఆరేసేది.

రంజాన్ ఆఖర్ల, నెలవంక కోసం అందరు స్లాబెక్కిండ్రు. పల్చగ మబ్బున్నది, ఎవ్వరికి కనవడ్తలేదు. సూర్యుడు పూర్తిగ మునిగేదాంక నేను పైపు అటు తిప్పలే, కన్ను పోతది. మునిగినంక గా దిక్కే మెల్లగ ఎతికిన. దొరికిండు, సన్నగ ఎంటిక లెక్క. హమీద్ సాబ్‌ను పిలిస్తె, ఇష్టం లేకుండనే వచ్చి వంగిండు. సూసి లేసిండు.

“గిది బోర్లున్నది. పడవ లెక్కుండాలె, టోపీ లెక్కున్నది. గిది లెక్కకు రాదు.”

నేను నోరు తెరిచేలోపల్నే ఖైరున్ ఆపా ముందుకొచ్చింది. “దీంట్ల ఉల్టానే కనవడ్తడు జీ. జర పక్కకు జరిగిండు, ఉండుండ్రి” అనుకుంట నాబ్ తిప్పి సక్కగ పట్టింది. అలవాటైన చెయ్యి గద. హమీద్ సాబ్ ఆమెను సూసిండు. తీగ మీది బట్టలు సూసిండు. నేను నా చెప్పులు సూసుకుంటున్న.

ఆపా పైపు ఎటున్నదో గటే ఏలు సూపెట్టి, ఇప్పుడు ఉత్త కండ్లతోని సూడుండ్రి అన్నది. ఆయన సూసిండు, సూసిండు… కనవడ్డది. చేతులెత్తి దువా చేసుకున్నడు. అటెన్క పక్కింటోళ్లకు తనే కేకేసిండు, రాండ్రి, మా పైపుల సూడుండ్రి అని. మా పైపు అంట!

ఇగ ఇల్లు ఖాళీ చేసే ముచ్చట ఆయన ఎత్తలే, నేను ఎత్తలే. పండుగ అయినంక దుకాణం జల్ది బంద్ చేసి వచ్చుడు మొదలువెట్టిండు. వచ్చి కన్ను పెడితె తియ్యడు. ఆపా, నేను పక్కన కూసోని ఛాయ్ తాగుకుంట మా వంతు కోసం సూసేటోళ్లం. అన్నానికి రండ్రి అంటె సుత ఆయనకు వినవడకపోయేది.

నీకు సుత గట్లనే పట్టాలె బిడ్డా, పిలిస్తె వినవడకుండ. నీ కండ్లు సల్లగుండ. ఇయ్యాల మబ్బు సుత లేనట్టున్నది, జర నా చెయ్యి పట్టు, పైకి పోదం…