చంపేస్తానండీ

డబ్బింగ్ థియేటర్. అద్దానికి అవతల, మైకు ముందు, ఇరవై ఏళ్లుగా హీరోయిన్లకీ దెయ్యాలకీ గొంతు అరువిస్తున్న ఆవిడ. ఇవతల సౌండ్ ఇంజనీరు. మార్నింగ్ షో వదిలి గంటయింది.

“ఆ ఒక్క ముక్క మార్చు తమ్ముడూ. నీ కాళ్లు పట్టుకుంటా.”

“సినిమా హాళ్లలో ఆడుతోందక్కా. ఇప్పుడెలా మారుస్తాను?”

“ఆడుతోందా? హాల్లో పాతికమంది. జపాన్ దెయ్యం అంటే పై ప్రాణాలు పైనే పోతాయనుకున్నా. ముప్పావుగంట సేపు తలుపు తీస్తుంది, వేస్తుంది. అది దెయ్యమా, వాచ్‌మనా?”

“వాళ్ల సినిమాలు మెల్లగానే ఉంటాయక్కా.”

“మెల్లగా ఉంటే ఊరుకుందును. చివర్లో మొగుడి పీక పట్టుకుని, నా గొంతుతో ‘మిమ్మల్ని చంపేస్తానండీ’ అంది. హాలు హాలంతా పగలబడి నవ్వింది.”

“నేనేం చెయ్యను? ‘చంపేస్తాను’ అయిపోయాక కూడా దాని నోరు కదులుతోంది. పెళ్లాం కదా, ‘అండీ’ తగిలిద్దామన్నాడు రైటరు.”

“నువ్వు తలూపావ్.”

“నువ్వూ ఊపావక్కా.”

“అవును, నా బుద్ధి గడ్డి తింది. మళ్లీ చెబుతా, విను.”

“వద్దు. గొంతుకి విశ్రాంతి ఇమ్మన్నాడు కదా డాక్టరు...”

“రేపు పొద్దున ఎనిమిదింటికి కోత. గడ్డతో పాటు మాట కూడా పోతుందన్నది ఆ డాక్టరే. ఇంకా దాచుకుని బీరువాలో పెట్టుకోనా?”

“అలా అనకు.”

“పాపకి నాలుగేళ్లు. రేపు పెద్దదై, మా అమ్మ ఎలా మాట్లాడేదంటే ఏం వినిపిస్తారు? ‘చంపేస్తానండీ’నా?”

“సరే, సరే. సినిమా సంగతి వదిలెయ్. పాపకోసమే ఏదైనా చెప్పు, రికార్డు చేసిపెడతా.”

“ఏం చెప్పను?”

“పొద్దున్నే దాన్ని లేపేటప్పుడు ఏమంటావో అదే.”

“‘బంగారూ... లేమ్మా, తెల్లారింది.’”

“అది సీరియల్లో అత్తగారు.”

“‘బంగారూ! లే తల్లీ!’”

“అది సబ్బు ప్రకటన.”

“‘లే... లేవవే...’”

“దెయ్యం వచ్చిందక్కా.”

“ఆపు. వెక్కిరిస్తున్నావా?”

“లేదు. నీ గొంతుతో చెప్పు.”

“ఏది నాది? నువ్వే చెప్పు, ఏది? మైకు చూస్తే చాలు, ఎవరో ఒకరు వచ్చి గొంతులో కూర్చుంటున్నారు. ఊరందరికీ పంచిపెట్టా, కన్నబిడ్డకి ఒక్క ముక్క మిగల్చలేకపోయా. ఐదింటికి ఆస్పత్రిలో చేరాలి. ఏం చెయ్యను తమ్ముడూ, ఏం చెయ్యను... నవ్వుతున్నావేంట్రా? నేనేడుస్తుంటే నవ్వుతావా, గాడిదా?”

“నవ్వట్లేదక్కా. కళ్లు తుడుచుకుంటున్నా.”

“మరి ఆ ఎర్ర లైటేంటి? ఆపమన్నాగా.”

“ఆపలేదు. నా కాళ్లు పట్టుకుంటానన్న దగ్గర్నుంచీ రికార్డింగ్ తిరుగుతూనే ఉంది. తిట్లతో సహా పాపకి ఇదే ఇస్తా.”