మూడోచోట చేరిన ముగింపు

బైండింగ్ మేస్త్రీ గుమ్మంలోనే నిలబడిపోయాడు. రచయిత్రికి ఒక మాట చెప్పి పోదామని వచ్చాడు. ఆమె బల్ల నిండా పాఠకుల ఉత్తరాలు. అన్నీ ఆమె సస్పెన్స్ సిరీస్ ఐదో భాగం గురించే.

“రావయ్యా మేస్త్రీ, విను! ‘ఉత్త సాగదీత’ అని ఇరవై మంది. ‘ఉత్కంఠతో ఊపిరాడలేదు’ అని పదిమంది. వీళ్లంతా చదివింది ఒకే పుస్తకమేనా?”

“కాదమ్మా.”

“అంటే?”

“ఒక కట్ట పుస్తకాలన్నిట్లో చివరి పదహారు పేజీల ఫారం మూడోదిగా పెట్టి కుట్టేశాను. నిన్ననే చూసుకున్నాను. ముప్పై ఏళ్లలో ఇదే మొదటి తప్పు. పని మానేస్తానని చెప్పడానికే వచ్చాను.”

“చివరి ఫారమా! అయితే హంతకుడెవరో మొదట్లోనే తెలిసిపోయిందా?”

“తిట్టండమ్మా, పడతాను.”

“ఉండవయ్యా! అందుకా ఈ ఉత్తరంలో ఒకావిడ, ‘వంటవాడే హంతకుడని తెలిశాక, వాడు ఇన్‌స్పెక్టర్‌కి కాఫీ ఇస్తుంటే తాగొద్దని పైకే అరిచేశాను’ అని రాసింది!”

“పేజీ నంబర్లయినా చూసుకోలేదా అమ్మా వీళ్లు?”

“ఒకాయన చూశాడు. అదీ నా ఎత్తుగడేనట!”

రచయిత్రి ఉత్తరాలు పక్కకు నెట్టింది.

“ఇంకా కుట్టనివి ఎన్నున్నాయి?”

“ఐదొందలు. ఈసారి ఒక్కొక్కటీ నేనే సరిచూసి...”

“సరిచూశావంటే ఊరుకోను! అన్నీ ఆ కట్టలాగే కుట్టు. పని మానడం గినడం కుదరదు.”

“ముప్పై ఏళ్లు సరిగ్గా కుట్టిన చేతులమ్మా ఇవి! కావాలని తప్పు కుట్టమంటే వింటాయంటారా? మీరే వచ్చి దగ్గర కూర్చోండి.”