ఆరని బుగ్గలు

బొమ్మలకు రంగులు వేసే అక్క ఓవెన్‌లోంచి రంగు గట్టిపడడానికి పెట్టిన పసిబాబు వినైల్ బొమ్మ తలను బయటికి తీసింది. రంగు వెలిసిపోయిందని దాన్ని తెచ్చిన చెల్లెలు గుమ్మంలోనే నిలబడి ఉంది.

"గట్టిపడిందా అక్కా?"

"ఎక్కడే! బుగ్గ ముట్టుకుంటే రంగంతా వేలికి వచ్చేస్తోంది."

"వేడి చాల్లేదేమో?"

"అదే ఓవెన్, అదే రంగు. మిగతా బొమ్మలన్నీ శుభ్రంగా ఆరాయి, దీనితోనే చచ్చే చావుగా ఉంది. నిజం చెప్పు, దీనికేం రాశావు?"

"ఏం రాస్తాను? స్నానానికి ముందు కాస్త నూనె."

"బొమ్మకి నూనేంటే! మతి గానీ పోయిందా?"

"ఎప్పుడో ఒకసారి... లేదులే, రోజూ రాశాను. బాబుకని కొన్న సీసా అలాగే ఉండిపోయింది. పారేయడానికి చేతులు రాలేదు."

అక్క గొంతు తగ్గించింది.

"ఆ నూనె వినైల్ లోపలికంతా ఇంకిపోయిందే. పైన ఎంత తుడిచినా, వేడి తగలగానే మళ్ళీ ఊరుతుంది. ఇక దీని మీద ఏ రంగూ నిలవదు."

"నువ్వు కూడా ఏం చేయలేవా?"

"లేదమ్మా. ఏడవకు. ఇంకో బొమ్మ తెప్పిస్తాను. ఫొటో చూసి అచ్చం వాడిలాగే వేసిస్తాను."

"ఆస్పత్రిలోనూ అందరూ ఇలాగే అన్నారక్కా, ఏడవకు, ఇంకో బాబు పుడతాడులే అని."