తడి మేడం సంతకం పెట్టని గది

1991 ఆగస్టు ఐదవ తేదీ, సోమవారం ఉదయం, రసాయన శాస్త్రంలో స్నాతకోత్తర పట్టాతో, చేతిలో నియామక ఉత్తర్వుతో, అప్పటికింకా ఎవరి మీదా కోపం ఎరుగని చిరునవ్వుతో మన విశ్వవిద్యాలయపు పర్యావరణ, ఆరోగ్య, రక్షణ విభాగంలో సహాయాధికారిగా చేరిన మన మేడం గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. చిరునవ్వు నేటికీ చెక్కుచెదరలేదు. కోపం మాత్రం మధ్యలో వచ్చి చేరింది. అది ఎవరి పుణ్యమో చెప్పకుండా ఆమె సేవలను కొనియాడటం ఈ వ్యాసకర్తకు చేతకాని పని. అభినందన సంచికలో ఆగ్రహానికి తావుండరాదని సంపాదకవర్గం సున్నితంగా సూచించింది. వారి సూచన శిరోధార్యమే గానీ, ఆ శిరస్సే ప్రస్తుతం వేడెక్కి ఉంది.

చేరిననాడు ఆమెకు కేటాయించిన కార్యాలయం పాత భవనంలో మెట్ల కింద, నీటి పంపు గదిని ఆనుకుని ఉండేది. పంపు ఆడుతున్నంతసేపూ బల్ల మీద గాజు గ్లాసు దానంతటది నడిచి అంచుదాకా వెళ్ళేది. రక్షణ విభాగమంటే కాపలా సిబ్బంది కార్యాలయమనే భ్రమ అప్పట్లో అందరిలోనూ ఉండేది గనుక, తొలి రోజుల్లో ఆమె గది తలుపు తట్టినవారిలో అధికులు సైకిళ్ళు పోగొట్టుకున్నవారే. ఒకనాడు గ్రంథాలయాధికారి గారు రొప్పుతూ వచ్చారు.

"మేడం, నా సైకిలు ఎవరో కొట్టేశారు. మీ వాళ్ళేం చేస్తున్నారు?"

"నేను ఆ సెక్యూరిటీ కాదండీ."

"మరి మీరేం చూస్తారు?"

"మీకేం కాకుండా చూస్తాను."

"నాకేమవుతుంది? శుభ్రంగా ఉన్నాగా!"

"అయితే నా పని బాగానే సాగుతున్నట్టు. కూర్చోండి, టీ తాగి వెళ్దురు గాని."

ఆ తొలి సంవత్సరాలలో ఆమె కాలికి బలపం కట్టుకుని తిరిగి, పేరు చెరిగిపోయిన సీసాలను, మూత తుప్పు పట్టిన డబ్బాలను, ఎవరు ఎప్పుడు దాచారో దాచినవారికే గుర్తులేని విషపదార్థాలను ప్రయోగశాల తరువాత ప్రయోగశాలగా వెలికితీశారు. విషవాయువులను బయటికి లాగేందుకు అమర్చిన ఫ్యూమ్‌హుడ్‌లు ఆనాడు కొందరు ఆచార్యుల గొడుగులకు, టిఫిను డబ్బాలకు అలమరలుగా సేవలందిస్తుండేవి. డబ్బా తీయమన్నందుకు ఒక పెద్దాచార్యులు ఒంటికాలి మీద లేచారు.

"ఏళ్ళ తరబడి ఇక్కడే పెడుతున్నా. నాకేమైంది?"

"మీకేం కాలేదు సార్. అదే డబ్బా సాయంత్రం ఇంటికెళ్తుంది కదా, మీ పాప కూడా దాంట్లోనే తింటుంది కదా?"

డబ్బా మరుక్షణం బయటికి వచ్చింది. ఆ సంగతి ఆ ఆచార్యులవారే తరువాత పదిమందికీ చెప్పి నవ్వుకున్నారు.

అయితే ఆమెను ఈ ప్రాంగణమంతటికీ పరిచయం చేసింది షవరు. ఆమ్లమో మరొకటో ఒంటిమీద పడినవారు పరుగున వచ్చి, పైనుంచి వేలాడే ఇనుప కమ్మీని లాగితే నెత్తిమీద నీళ్ళు కుమ్మరించే ఆ ప్రమాదవేళ షవరు, నిబంధనల ప్రకారం ప్రతి రసాయన ప్రయోగశాలలోనూ ఉండవలసిందే. వారం వారం జరిగే తనిఖీకి పొడవాటి ప్లాస్టిక్ తొడుగు, దాని కింద బకెట్టు చాలు. ఆ పద్ధతికి ఆమె అడ్డు చెప్పలేదు. కానీ కొత్త గదికి తొలిసారి రక్షణ అనుమతి ఇవ్వవలసి వచ్చినప్పుడు మాత్రం, తొడుగూ బకెట్టూ పక్కన పెట్టించి, కట్టుకున్న బట్టలతోనే గది ఆ మూల నుంచి కళ్ళు మూసుకుని నడిచివచ్చి, తడుముకుంటూ కమ్మీని అందుకుని లాగి, నిలువెల్లా తడిసిన తరువాతే సంతకం చేసేవారు. కాగితం మీద సిరా అలుక్కుపోయిందని కార్యాలయం వారు గొణిగితే, అది సరిగ్గా అలుక్కుపోయిందంటే నీళ్ళు సరిగ్గా వచ్చాయన్నమాట అనేవారు. ఇంత అవస్థ ఎందుకని ఒక కొత్త ఉద్యోగి అడిగితే ఆమె చెప్పిన జవాబు ప్రాంగణంలో అందరికీ కంఠస్థం.

"బకెట్టు కళ్ళు మూసుకోదు నాయనా. మొహం మీద యాసిడ్ పడినవాళ్ళు మూసుకుంటారు. మూసుకున్నాక కమ్మీ చేతికందుతుందా, దారిలో కుర్చీ తగిలి బోర్లా పడతామా, బకెట్టునడిగితే ఏం చెప్తుంది?"

ఆనాటి నుంచి ఆమె అందరికీ తడి మేడం. ఇంట్లో ఈ తడి సంగతి ముందుగా తెలిసింది వారి అత్తగారికి. ఎండ మండుతున్న సాయంత్రం కోడలు నీళ్ళోడుతూ గుమ్మంలో నిలబడితే ఆ పెద్దావిడ గుండెలు బాదుకున్నారట.

"వాన కూడా లేదు కదే, ఎక్కడ పడ్డావు?"

"పడలేదత్తయ్యా. షవరు."

"మనింట్లో లేదా షవరు? జీతమిచ్చి మరీ తడుపుతున్నారా నిన్ను!"

అలా అంటూనే తల తుడిచి, మర్నాడు మందపాటి గుడ్డతో ఒక సంచీ కుట్టి, దానిలో ఒక జత పొడి బట్టలు, తువ్వాలు పెట్టి చేతికిచ్చారు. కోడలి ఉద్యోగాన్ని ఆ అత్తగారు అర్థం చేసుకున్నంతగా మన పాలకవర్గం ఏనాడూ అర్థం చేసుకోలేదని ఇక్కడ సవినయంగా మనవి చేస్తున్నాము. ఇంటికి చుట్టాలొచ్చి స్నానాల గదిలో బ్లీచింగ్ పొడి పక్కన, రెండూ కలిస్తే విషవాయువు పుడుతుందని తెలియక, యాసిడ్ సీసా పెడితే ఆవిడే గదమాయించేవారట: "తీసెయ్యండర్రా! మా కోడలు చూసిందంటే మనందర్నీ ఇంట్లోంచి ఖాళీ చేయిస్తుంది!" ఆ మహాతల్లి నేడు లేరు. ఆ సంచీ మాత్రం మేడం గారి కుర్చీ వెనుక నేటికీ వేలాడుతోంది.

ఆమె పట్టుదల విలువ ఎంతటిదో తెలియజెప్పిన దుర్దినం ఒకటుంది. పాత భవనం రెండవ అంతస్తులో, పరిశోధనలో అప్పుడప్పుడే చేరిన ఒక విద్యార్థిని చేతిలో గాఢ ఆమ్లపు కూజా పగిలి భుజం నుంచి ముంజేతి దాకా కారింది. తోటివారు కెవ్వుమన్నారే తప్ప కాలు కదపలేకపోయారు. ఆ అమ్మాయి కళ్ళు గట్టిగా మూసుకుని, మేడం గారు నేర్పిన దారినే గోడ పట్టుకుని నడిచి, కమ్మీ అందుకుని లాగింది. కబురంది పరుగున వచ్చిన మేడం గారు, బయటికి రాబోతున్న ఆ పిల్లను మళ్ళీ నీళ్ళలోకి తీసుకువెళ్ళి, తానూ ఆ ధార కిందే నిలబడి పట్టుకున్నారు.

"చలేస్తోంది మేడం, చాలు..."

"చాలదమ్మా. కదలకు. నేనూ ఉన్నాగా."

వైద్యులు వచ్చేదాకా ఇద్దరూ అలాగే వణుకుతూ నిలబడ్డారు. ఆ అమ్మాయికి ముంజేతి మీద మచ్చ ఒక్కటే మిగిలింది. ఆ షవరు ముందు అలమర పెట్టుకుంటామని అడిగిన నిర్మాణ విభాగానికి అంతకు ముందే మేడం గారు అడ్డం పడి ఉండకపోతే ఏమై ఉండేదో తలచుకుంటే ఈనాటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

తదనంతరం ఆమె విభాగాధిపతి అయ్యారు. వికిరణ పదార్థాలకు ఒకరు, సూక్ష్మజీవుల ప్రయోగశాలలకు ఒకరు, అగ్ని ప్రమాద నివారణకు ఒకరు, రసాయన వ్యర్థాల తొలగింపునకు ఒకరు చొప్పున అధికారులను నియమింపజేసి, విభాగాన్ని విభాగంలా నిలబెట్టారు. కానీ ఆ నలుగురూ ఒకరి వెంట ఒకరు విరమించగా, ఖాళీ అయిన ఏ ఒక్క కుర్చీలోనూ మరొకరిని కూర్చోబెట్టలేదు. అన్ని పనులూ 'అదనపు బాధ్యత' అన్న మర్యాదగల మాట చాటున ఆమె నెత్తినే పడ్డాయి. ప్రమాదాలే జరగడం లేదు కదా, ఇంతమంది దేనికి అని ఒక సమావేశంలో ఒక పెద్దమనిషి సెలవిచ్చారు. ప్రమాదాలు ఎందుకు జరగడం లేదన్న ప్రశ్న ఆ మేధావికి ఎందుకు తట్టలేదో మాకు ఇప్పటికీ అంతుపట్టలేదు!

ఇక అసలు సంగతికి వద్దాం. కొత్త ప్రయోగశాలల భవనం ఘనంగా ప్రారంభమైంది. గదుల్లో షవర్లు తళతళలాడుతున్నాయి. వాటి కింద నీరు పోయే దారి మాత్రం కట్టడం మరిచారు. తొలిసారి నీళ్ళు వదలగానే వసారా చెరువై, కింది సభామందిరం పైకప్పుకు చెమ్మ ఎక్కింది. తప్పు చేసినవారు ఏం చేయాలి? నేల తవ్వి గొట్టం వేయాలి. మన నిర్మాణ విభాగం వాల్వు కట్టేసి, షవరుకు 'పరిశీలించబడినది' అని చీటీ తగిలించి చేతులు దులుపుకుంది. మేడం గారు యథావిధిగా కళ్ళు మూసుకుని నడిచివచ్చి కమ్మీ లాగితే చుక్క నీరు రాలలేదు.

"నీళ్ళొదిలితే నేల పాడవుతుంది మేడం," అన్నారు ఇంజనీరు గారు.

"మనిషి పాడైతే?"

"అలా ఎప్పుడో గానీ జరగదు కదండీ."

"ఆ ఎప్పుడో కోసమే కదయ్యా దాన్ని పెట్టింది! లేకపోతే ఇంత ఎత్తున అలంకారానికి వేలాడదీశారా?"

ఆమె సంతకం చేయలేదు. సర్దుకుపొమ్మన్నారు, సర్దుకోలేదు. పైవారిని అడిగితే నీళ్ళు నమిలారు. చివరికి ఒక తెలివైన ఉపాయం కనిపెట్టారు: ఆమె విరమించేదాకా ఆగడం. మేడం గారి స్థానంలో కొత్తవారిని నియమించరట. ఒకటవ తేదీ నుంచి ఆమె అధికారాలన్నీ నిర్మాణ విభాగానికే అప్పగిస్తారట. వాల్వు కట్టేసిన చేత్తోనే అంతా సవ్యంగా ఉందని సంతకం కూడా చేయిస్తారన్నమాట. దీనికి ఒళ్ళు మండకపోతే మరి దేనికి మండాలి?

వీటన్నిటినీ తట్టుకున్న మేడం గారిని ఒక్క మాట మాత్రం కుంగదీసింది. ఆ కొత్త ప్రయోగశాలకు అధిపతి మరెవరో కాదు, ఆనాడు ఆమ్లం పడిన ఆ విద్యార్థినే. నేడు ఆచార్యురాలైన ఆవిడ పోయిన వారం, నేటికీ మారని ఆ మెట్ల కింది గదికి వచ్చి బతిమాలారు.

"మేడం, పిల్లలు ఎప్పట్నుంచో ఎదురుచూస్తున్నారు. ఇప్పటికి సంతకం పెట్టేయండి. నీళ్ళ సంగతి తర్వాత నేను చూసుకుంటాను."

మేడం గారు ఆవిడ ముంజేతి మచ్చ వంక చూశారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నీక్కూడా నేనే చెప్పాలా అమ్మా? సరే, పద."

కొత్త గదిలో ఆ మూల నిలబెట్టి అన్నారు: "కళ్ళు మూసుకో. రా."

ఆచార్యురాలు కళ్ళు మూసుకున్నారు. చేతులు చాపి, బల్ల అంచు పట్టుకుని, పాత అలవాటుగా అడుగులో అడుగు వేస్తూ వచ్చి కమ్మీ లాగారు. ఏమీ రాలేదు. మళ్ళీ లాగారు. మూడోసారి రెండు చేతులతోనూ వేలాడినంత పని చేశారు. కళ్ళు తెరవకుండానే, ఎప్పటిదో చిన్న గొంతుతో అన్నారు:

"మేడం... నీళ్ళు రావట్లేదు."

"అవునమ్మా. నేను చెప్తున్నదీ అదే."

ఆచార్యురాలు కన్నీళ్ళు తుడుచుకుని, ఆ గదికి తాళం వేసి, తాళంచెవి తన వద్దే ఉంచుకున్నారు. సంతకం ఎవరు చేసినా సరే, నీళ్ళు వచ్చేదాకా తన విద్యార్థులెవరూ అందులో అడుగుపెట్టరని పాలకవర్గానికి చెప్పివచ్చారు. పాత గదిలో ఇరుక్కునే పని చేసుకుంటున్నారు. ఈ సంచిక అచ్చుకు వెళ్ళేనాటికి వాల్వు తెరవలేదు.

వీడ్కోలు సభను ఆ కొత్త భవనపు మందిరంలోనే, ఆ చెమ్మ మరక కిందనే ఏర్పాటు చేశారు. వేదికనెక్కి ప్రశంసలు కురిపించబోయే పెద్దలందరికీ మా విన్నపం ఒక్కటే. ముందు పై అంతస్తుకు వెళ్ళి, కళ్ళు మూసుకుని, ఆ కమ్మీ లాగి రండి. పొడిగా తిరిగి వస్తే దయచేసి చప్పట్లు కొట్టకండి. జ్ఞాపికగా ఏం కావాలని అడిగినప్పుడు మేడం గారు చెప్పింది కూడా అదే: "నాకేం వద్దండీ. గొట్టం వేసి ఆ వాల్వు తిప్పండి చాలు. బట్టలు నేను తెచ్చుకుంటాను."

ఆమె అత్తగారు కుట్టిన సంచీతోనే ఆ సభకు రానున్నారు. ఆ సంచీలోని పొడి బట్టలు ఆ సాయంత్రం ఆమెకు తప్పక అవసరపడాలని, తడిసిన తలతో, అలుక్కుపోయిన సంతకంతో ఆమె మన గుమ్మం దాటాలని, మనందరి ఆయుష్షుకు ఇన్నేళ్ళు కాపు కాసిన ఆ తల్లి సంపూర్ణ ఆరోగ్యంతో, తనవారి నడుమ చిరకాలం చల్లగా వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాము.